పాతకాలపు పాఠకులు తాము చదివినదాన్ని ఎక్కడ, ఎలా రాసిపెట్టుకున్నారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పెద్దతాతగారి ట్రంకుపెట్టెలో పాత పుస్తకాలు దొరికాయి, అంచుల్లో గీతలు, తిథులు, అక్కడక్కడా ఒకటీ అరా మాటలు ఉన్నాయి. అప్పటివాళ్ళు నిజంగా తాము చదివినదాని గురించి రాసుకునేవారా, ఉంటే ఎక్కడ వెతకాలి, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? తాటాకు ప్రతులకీ పాత అచ్చు పుస్తకాలకీ కేటలాగులు తయారుచేసే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి, నాకు తెలిసినంతవరకు చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

రాసుకునేవారు, బాగానే రాసుకునేవారు. కానీ ఇప్పుడు మనం రాస్తున్నట్టు "ఈ పుస్తకం చదివాను, నాకు ఇలా అనిపించింది" అని రాసినవాళ్ళు బహు తక్కువ. పుస్తకంతో ఏం చేశారో రాశారు, ఏమనిపించిందో రాయలేదు. ఎక్కడ ఆపారు, ఎప్పుడు ముగించారు, ఎవరికి చదివి వినిపించారు, ఎవరి దగ్గర తెచ్చుకున్నారు, ఏ పద్యం ఎత్తి రాసుకున్నారు, ఇవి దొరుకుతాయి. మనసులో ఏముందో మనం ఊహించుకోవాలి, ఆ ఊహకి పగ్గం వేసుకోవడమే ఈ పనిలో కష్టమంతా.

ముందు తాటాకుల సంగతి చెప్తాను, ఎందుకంటే మన దగ్గర చదువరి మాట అందరికంటే ముందు వినిపించేది అక్కడే. అచ్చు లేని రోజుల్లో పుస్తకం కావాలంటే ఎత్తి రాసుకోవాలి, లేదా రాయించుకోవాలి. గంటంతో ఒక్కో అక్షరం గీసేవాడికంటే ఆ గ్రంథాన్ని దగ్గరగా చదివినవాడు ఇంకెవడుంటాడు? అతను చివరి ఆకు మీద నాలుగు మాటలు రాసి ముగిస్తాడు. ఫలానా సంవత్సరం, ఫలానా మాసం, తిథి, వారం, ఫలానా వారి కోసం ఫలానా వాడు రాసినది, ఆపైన ఒక శ్లోకం. ఎక్కువగా కనిపించేది "భగ్నపృష్ఠకటిగ్రీవం స్తబ్ధదృష్టిరధోముఖమ్, కష్టేన లిఖితం గ్రంథం యత్నేన పరిపాలయేత్" అనేది. వీపూ నడుమూ మెడా విరిగిపోయి, చూపు బిగుసుకుపోయి, తల వంచుకుని కష్టపడి రాశాను, జాగ్రత్తగా చూసుకోండి అని. ఇంకోటి "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా", అంటే మాతృకలో ఎలా ఉందో అలాగే రాశాను, తప్పొప్పులకు నా పూచీ లేదు అని. మొదటిసారి చదివినవాళ్ళు అబ్బా ఎంత హృదయవిదారకం అనుకుంటారు. కాని ఇవి అందరూ రాసే శ్లోకాలు, దేశం ఈ చివరినుంచి ఆ చివరిదాకా కనిపిస్తాయి, ఉత్తరం మొదట్లో "క్షేమం" అని రాయడం లాంటిదే. వాటిని బట్టి ఆ లేఖకుడికి నిజంగా నడుము నొప్పి ఉందని తేల్చకండి. అతని సొంత మాట వెతకాలంటే శ్లోకం దాటాక చూడాలి. ఒక భాగవతం ప్రతిలో మామూలు శ్లోకాలన్నీ అయ్యాక, చివర్లో చిన్న అక్షరాలతో "దీపమునకు చమురు చాలక దశమ స్కంధము తొందరగా వ్రాసితిని" అని ఉండటం చూశాను. అది మాత్రం ఎవరినుంచీ అరువు తెచ్చుకున్న మాట కాదు.

ఆకుల అంచుల్లో "పా" అనో "పాఠాంతరము" అనో కనిపిస్తే అది అభిప్రాయం కాదు. ఇంకో ప్రతిలో ఇలా ఉంది అని పండితుడు పెట్టుకున్న గుర్తు. కడపలో బ్రౌన్ దొర పండితుల్ని జీతాలకు పెట్టుకుని ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి సరిచూయించింది ఇలాగే. అది కూడా చదివిన అనుభవమే అని నేను వాదిస్తాను. కాకపోతే అది రసాస్వాదన కాదు, పాఠం సరిగ్గా ఉందా లేదా అన్న పట్టుదల.

ఇంకో విషయం. అప్పట్లో చదవడం అంటే ఒక్కరే మౌనంగా చదువుకోవడం అని అనుకోకండి. ఒకరు చదువుతారు, ఒకరు అర్థం చెప్తారు, పదిమంది వింటారు. పురాణ కాలక్షేపం అంటే అదే. గ్రంథం చివర ఫలశ్రుతిలో చదివినవారికీ, విన్నవారికీ, రాసినవారికీ కూడా ఫలం చెప్తారు చూడండి, ముగ్గురినీ ఒకే పంక్తిలో కూర్చోబెడతారు. అక్షరం రాని వాళ్ళు కూడా భారతం 'చదివారు', చెవులతో. వాళ్ళ అనుభవం కాగితం మీద దాదాపు మిగల్లేదు. చాటుపద్యాల్లో, సామెతల్లో, ఇళ్ళల్లో పిల్లలకు పెట్టిన పేర్లలో మిగిలింది.

అచ్చు పుస్తకాల దగ్గరికి వస్తే, మీ ట్రంకుపెట్టెలో ఉన్నవి బహుశా ఈ రకమే. పారాయణ గ్రంథాలైతే వెనక అట్ట లోపలివైపు చూడండి. సుందరకాండకు ఎన్నిసార్లు పారాయణ అయిందో అడ్డగీతలు గీసి లెక్కపెట్టుకునేవారు, ఒక్కో గీత పక్కన ఎందుకు మొదలుపెట్టారో రెండు ముక్కలుంటాయి. "చి. అబ్బాయి ఉద్యోగమునకై", "అమ్మాయి పురిటికి" ఇలా. నా దృష్టిలో ఒక కుటుంబ చరిత్రకు ఇంతకంటే మంచి ఆధారం లేదు. పసుపు, కుంకుమ, నూనె మరకలు కూడా ఆధారాలే, ఏ సర్గ దగ్గర మరకలు దట్టంగా ఉన్నాయో అక్కడ ఎక్కువసార్లు ఆగారన్నమాట. దయచేసి వాటిని తుడిచేసి "శుభ్రం" చేయకండి.

నాకు బాగా గుర్తున్నది ఒక వావిళ్ళవారి భారతం, విరాటపర్వం. వానలు లేకపోతే ఊళ్ళో విరాటపర్వం చదివించడం మనకు ఆనవాయితీ కదా. ఆ ప్రతిలో ఊదారంగు కాపీయింగ్ పెన్సిలుతో, తడి తగిలి ఆ రంగు కాస్త పాకిపోయి, ఆశ్వాసం ముగిసిన ప్రతిచోటా ఒక తిథి రాసి ఉంది. మొదటి చోట "ఎండ". తర్వాత "ఎండ". ఆ తర్వాత "మబ్బు పట్టి విడిచినది". చివర "ముగిసినది. రాత్రి నాలుగు చినుకులు". అంతే. తిక్కన గురించి ఒక్క మాట లేదు, ద్రౌపది గురించి లేదు, కీచకుడి గురించి లేదు. ఆ చదువరికి పద్యాలు నచ్చలేదని దీని అర్థమా? కానే కాదు. అతను ఆ పుస్తకం తెరిచిన పని వేరు, రాసుకున్నది ఆ పని లెక్క. ఏ రాత దొరికినా ఇది ఎవరి కోసం, ఏ అవసరం కోసం రాసింది అని ముందు అడగాలని నేను చెప్పేది ఇందుకే.

ఇప్పుడు కొంచెం పెద్ద స్థాయి చదువరుల దగ్గరికి పోదాం. మన కవులు కావ్యం మొదట్లో పూర్వకవులను స్తుతిస్తారు కదా, చాలామంది దాన్ని మర్యాద కోసం రాసింది అని పేజీ తిప్పేస్తారు. నేనైతే అది ఒక పాఠకుడు తన చదువు గురించి ఇచ్చిన వాంగ్మూలం అంటాను. కాశీఖండంలో శ్రీనాథుడు తన మాట ఎలా సాగుతుందో చెబుతూ వేములవాడ భీమన ఉద్దండలీలని, నన్నయ ఉభయవాక్ప్రౌఢిని, తిక్కన రసానికి తగ్గ కూర్పుని, ఎర్రన సూక్తివైచిత్రిని విడివిడిగా పేర్కొంటాడు. నలుగురినీ కలిపి 'గొప్పవారు' అనలేదు, ఒక్కొక్కరి దగ్గర తను ఏం పట్టుకున్నాడో తేల్చి చెప్పాడు. నిశితంగా చదివినవాడు మాత్రమే అలా చెప్పగలడు.

ఇంకో పద్ధతి ఎత్తిరాతలు. చదివినవాటిలో నచ్చినవీ పనికొచ్చేవీ ఒకచోట చేర్చుకోవడం. యూరప్‌లో దీన్ని ఒక క్రమశిక్షణలా నేర్పేవారు, జాన్ లాక్ అంతటి తత్త్వవేత్త అలాంటి నోటుబుక్కుకు అకారాది సూచిక ఎలా వేసుకోవాలో ఒక పద్ధతే తయారుచేశాడు. మన దగ్గర 15వ శతాబ్దపు మడికి సింగన చేసింది చూడండి. నీతిశాస్త్ర గ్రంథాలు అనేకం చదివి, వాటిలోంచి పద్యాలు ఏరి, విషయాల వారీగా పేర్చి సకల నీతి సమ్మతము అని కూర్చాడు. ఏ పద్యం ఏ గ్రంథంలోదో కూడా చెప్పాడు. ఆయన చూసిన గ్రంథాల్లో కొన్ని ఇప్పుడు పూర్తిగా దొరకవు, ఆయన ఎత్తి రాసిన పద్యాలే మిగిలాయి. ఒక పాఠకుడి నోటుబుక్కు లేకపోతే ఆ పద్యాలు కూడా మనకు దొరికేవి కావు. మీ పెట్టెలో గళ్ళ పుస్తకమో, బౌండు లెక్కల పుస్తకమో ఉండి, అందులో పద్యాలు రాసి ఉంటే, "అచ్చులో దొరికేవే కదా" అని పక్కన పడేయకండి. ఏవి రాసుకున్నారు, ఏ వరసలో రాసుకున్నారు అన్నదే అక్కడ అసలు విషయం.

డైరీలు, ఆత్మకథలు. అనుభూతి కాస్త బయటపడేది ఇక్కడే, మోసపోయేది కూడా ఇక్కడే.

డైరీ అనగానే అందరూ 17వ శతాబ్దపు లండన్ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ పేరు చెప్తారు, చెప్పాల్సిందే. ఊరంతా హ్యూడిబ్రాస్ అనే హాస్యకావ్యాన్ని పొగుడుతుంటే 1662 డిసెంబరులో రెండున్నర షిల్లింగులు పెట్టి కొన్నాడు, చదివితే వెర్రిమొర్రిగా ఉందనిపించి అదే రోజు పద్దెనిమిది పెన్నీలకు, అంటే ఒకటిన్నర షిల్లింగులకు, షిల్లింగు నష్టానికి, ఇంకొకరికి అంటగట్టాడు. రెండు నెలలు తిరక్కుండానే మళ్ళీ కొన్నాడు, ఇంతమంది మెచ్చుకుంటున్నారు, నాకెందుకు నచ్చలేదో ఇంకోసారి చూద్దామని. నలుగురిలో నవ్వులపాలు కాకూడదన్న టెన్షన్ ఆనాడూ ఉంది మరి! ఇంత నిజాయితీ ఎందుకు దొరికిందంటే ఆ డైరీ సంకేతలిపిలో ఉంది, అప్పటివాళ్ళు ఎవరూ చదవరన్న ధీమా ఉంది.

ఆత్మకథ అలా కాదు. అది ఎప్పుడో జరిగినదాన్ని ముసలితనంలో, పదిమంది చదువుతారని తెలిసి రాసేది. డార్విన్ ఉదాహరణ నేను కుర్రాళ్ళకు ఎప్పుడూ చెప్తుంటాను. మాల్థస్ జనాభా గ్రంథం 1838 అక్టోబరులో చదివానని, అదీ ఊరికే కాలక్షేపానికి చదివానని ఆయన తర్వాతెప్పుడో, 1876లో, ఆత్మకథలో రాశాడు. కానీ ఆయన అప్పటికప్పుడు రాసుకున్న నోటుబుక్కులో మాల్థస్ గురించిన రాత 1838 సెప్టెంబరు 28 తేదీతో ఉంది. తేడా కొద్ది రోజులే, పెద్ద ప్రమాదం ఏమీ లేదు, పైగా ఆయన అబద్ధమూ ఆడలేదు. కానీ చదివిన పుస్తకాలకు విడిగా జాబితాలు రాసుకున్నంత పద్ధతైన మనిషికే జ్ఞాపకం అలా జరిగితే, మిగతావాళ్ళ మాటేమిటి? అప్పటికప్పుడు రాసింది ఒకలా, తర్వాత గుర్తుచేసుకుని రాసింది ఇంకోలా చూడాలి, రెండూ కలిపేయకూడదు.

అలాగని ఆత్మకథల్ని తోసేయమని కాదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు తమ వైదిక కుటుంబంలో సంస్కృతానికున్న గౌరవం తెలుగుకు లేకపోవడం గురించి, దాన్ని కాదని తాను తెలుగు పట్టుకోవడం గురించి రాసుకున్నారు, అది చదివితే ఒక ఇంట్లో ఏ భాష పుస్తకం ఎవరి చేతిలో ఉండొచ్చు అన్నది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. చిలకమర్తి వారికి చూపు మందం, ఇతరులు చదివి వినిపిస్తే విని, చెప్పి రాయించేవారు. ఆయన చదువులో ఇంకొకరి గొంతు ఎప్పుడూ ఉంది. ఇలాంటి వివరాలు డైరీల్లో పడవు, ఎందుకంటే రోజూ జరిగేది ఎవరూ డైరీలో రాయరు.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. ఇంట్లో వాళ్ళు చదివిన గుర్తులు తక్కువ, ఉన్నవాటి మీద పేరుండదు. బెంగాల్లో రాససుందరీ దేవి అని 19వ శతాబ్దంలో ఒక గృహిణి తన కథ తానే రాసుకుంది. పెళ్ళయి పిల్లలు పుట్టాక, ఎవరికీ తెలియకుండా, చైతన్య భాగవతంలో ఒక ఆకు తీసి వంటింట్లో దాచుకుంది, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి దగ్గర పెట్టుకుని, వంట చేస్తూ, ముసుగు చాటున రెండూ పోల్చి చూసుకుంటూ చదవడం నేర్చుకుంది. ఆమే రాయకపోయి ఉంటే ఆ పుస్తకంలో ఒక ఆకు పోయిందని మాత్రమే మనకు తెలిసేది, కేటలాగు వేసేవాడు "ఒక పత్రము లోపము" అని రాసి ఊరుకునేవాడు. నేనూ అలాగే రాసేవాణ్ణి. మన దగ్గర 1902లో మొదలైన హిందూ సుందరి లాంటి పత్రికలకు స్త్రీలు రాసిన ఉత్తరాలు, వ్యాసాలు వెతికితే ఎవరు ఏం చదువుతున్నారో కొంత పట్టుకోవచ్చు.

భాష గురించి కూడా ఒక ముక్క. తెలుగువాళ్ళ చదువు గురించిన రాతలన్నీ తెలుగులోనే ఉంటాయనుకోకండి. గురజాడ అంతటివాడి డైరీలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉన్నాయి. తెలంగాణలో అయితే ఉర్దూ కూడా తగలొచ్చు, చదవడం రాదని ఆ కాగితాలు పక్కన పెట్టేయకండి.

కొన్నిసార్లు చదువరి మాటని రాసిపెట్టింది అతని శత్రువులు. ఇటలీలో ఫ్రియూలీ ప్రాంతంలో దొమెనికో స్కాందెల్లా అనే పిండిమర మనిషి ఉండేవాడు, మెనొక్కియో అంటారు. మతవిచారణ న్యాయస్థానం 1584లో అతన్ని పట్టుకుని ఏ పుస్తకాలు చదివావు, వాటిలో ఏముంది, నీకు ఈ ఆలోచనలు ఎక్కణ్ణుంచి వచ్చాయి అని గుచ్చిగుచ్చి అడిగి, ప్రతి జవాబూ రాయించింది. చివరికి ప్రాణం తీశారు. కానీ ఒక సామాన్యుడు పుస్తకంలో ఒక వాక్యం చదివి దాన్ని తన బుర్రలో ఎంతలా మార్చుకున్నాడో ఇంత వివరంగా చెప్పే కాగితం ఇంకోటి దొరకడం కష్టం.

దగ్గరి కాలానికి వద్దాం. 1901లో హైదరాబాదులో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం, వీటి వెంట ఊరూరా లేచిన గ్రంథాలయాలు, ఇలాంటిచోట్ల ఉంచిన రిజిస్టర్లు, సందర్శకుల పుస్తకాలు కూడా ఈ కోవలోవే. అయితే పుస్తకం ఇంటికి తీసుకెళ్ళినంత మాత్రాన చదివినట్టు కాదు, ఆ ముక్క నేను చెప్పక్కర్లేదు. కొన్న పుస్తకమైనా అంతే. పాత పుస్తకాల్లో ఫారం (అచ్చువేసి పేజీలుగా మడిచిన పెద్ద కాగితం) మడతలు అంచున కత్తిరించకుండానే బైండు చేసినవి ఉంటాయి, కాగితపు కత్తితో కోసుకుంటూ చదవాలి. మొదటి రెండు ఫారాలు కోసి, మిగతాది కోయకుండా వదిలేసిన పుస్తకం దొరికితే అంతకంటే నిక్కచ్చి సమీక్ష ఏముంటుంది!

వారపత్రికల సీరియల్ పేజీలు చింపి, దారంతో కుట్టి, అట్టలేసి దాచుకున్న బైండ్లు మీ పెట్టెలో ఉంటే అదృష్టవంతులు. ఏ వారం తప్పిపోయిందో అక్కడ ఇంకొకరి కాపీ చూసి చేత్తో రాసి అతికించినవి కూడా చూశాను. అద్దె షాపుల నవలల్లో అయితే నాలుగు చేతిరాతలు ఒకే పేజీలో పోట్లాడుకుంటాయి. ఒకరు "కథ బాగుంది" అంటే కింద ఇంకొకరు "నీ మొహం" అని రాస్తారు, డిటెక్టివ్ నవల అయితే మూడో పేజీలోనే "హంతకుడు డాక్టరు" అని రాసి మనశ్శాంతి లేకుండా చేస్తారు. కేటలాగుల్లో వీటిని 'పాడైన ప్రతి' అని రాయడం నాకు ఇప్పటికీ నచ్చదు.

ఇక మీ పుస్తకాల్లోని తిథుల గురించి. తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే తొందరపడి లెక్క కట్టకండి, అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది. "ఆనంద" అంటే 1854-55 కావచ్చు, 1914-15 కావచ్చు, 1974-75 కావచ్చు. ఏదో తేల్చడానికి వేరే గుర్తులు కలపాలి. పుస్తకం అచ్చయిన సంవత్సరానికి ముందుది ఎలాగూ కాదు. వెల అణాల్లో ఉంటే ఆ ప్రతి 1957లో నయాపైసలు రాకముందుది అయ్యే అవకాశమే ఎక్కువ, కానీ అంచుల్లో రాత తర్వాతిది కావచ్చు. బాల్‌పెన్ రాత అయితే ఇటీవలిదే. చేతిరాతలో వలపలగిలక (అక్షరం పక్కన రాసే పాతకాలపు రకారపు గుర్తు), అరసున్నలు అలవాటుగా పడుతుంటే పాత బడిలో దిద్దిన చెయ్యి. తిథితోపాటు వారం కూడా ఉంటే పాత పంచాంగంతో సరిచూడండి, మూడు సంవత్సరాల్లో రెండు అక్కడే ఎగిరిపోవచ్చు.

గీతల విషయంలో మాత్రం జాగ్రత్త. పద్యం పక్కన గీత ఉంటే నచ్చిందని అనుకోవడం మనందరికీ అలవాటు. పరీక్షకు ముఖ్యమని మాస్టారు చెప్పి ఉండొచ్చు, అర్థం కాక ఎవరినైనా అడగాలని పెట్టుకుని ఉండొచ్చు, తర్వాతి తరంలో మనవడు గీసి ఉండొచ్చు. ఒకే చేతి గీతలు పుస్తకమంతా ఎలా ఉన్నాయో చూశాక, అదే మనిషి మిగతా పుస్తకాల్లో ఏం చేశాడో చూశాక నోరు విప్పండి.

చేయాల్సిన పనులు చెప్పేస్తాను. పుస్తకాలు పెట్టెలో ఉన్న వరస మార్చకముందే ఫోటోలు తీయండి, ఏది దేనికింద ఉందో కూడా ఒక్కోసారి పనికొస్తుంది. పేజీల మధ్య దొరికే బస్సు టికెట్లు, రావి ఆకులు, కార్డులు, జాతకపు ముక్కలు ఏ పేజీలో ఉన్నాయో రాసుకుని ఆ తర్వాతే బయటికి తీయండి. పెన్సిలు రాత వెలిసిపోతే పక్కనుంచి ఏటవాలుగా టార్చి వేసి చూడండి, ఒత్తిడి గాడి కనబడుతుంది. తాటాకులుంటే నూనెలు పూయడం మీరు చేయకండి, తెలిసినవాళ్ళకు చూపించండి. చిరిగిన పేజీలకు సెల్లోటేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ చేతిరాత ఎవరిదో ఈ నెలలోనే అడగండి, అది మాత్రం నాలాంటివాళ్ళు ఎంత వెతికినా పుస్తకంలోంచి బయటికి తీయలేరు.